ఇంట్లో బుల్లి రైల్వే: ఇంటిల్లిపాదీ కలిసి కట్టుకునేవారికి తరచుగా వచ్చే సందేహాలు

వేసవి సెలవుల ముందు, సంక్రాంతి బొమ్మల కొలువు ముందు, విదేశం నుంచి ఎవరో రైలు సెట్టు తెచ్చినప్పుడు, బల్ల మీద పట్టాలు వేసి కరెంటుతో నడిపే బుల్లి రైలు గురించి ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. పని సాగే క్రమంలో విభాగాలు పెట్టాను. ఏ జవాబైనా విడిగా చదువుకోవచ్చు. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ముందు బండి నడవాలి, కొండలూ ఊళ్లూ ఆ తరువాత. బండి కదలని బల్ల దగ్గర పిల్లలు ఎన్నాళ్లో నిలవరు.

## మొదలుపెట్టే ముందు

మా పాపకు నాలుగేళ్లు, బాబుకు పదేళ్లు. ఏ వయసు నుంచి ఈ పనిలో చేర్చుకోవచ్చు?

మూడేళ్ల లోపు పిల్లలను బల్లకు దూరంగా ఉంచండి. పెట్టెలను కలిపే కొక్కేలు, చక్రాలు, బటన్ సెల్లులు నోట్లో పెట్టుకునేంత చిన్నవి. బటన్ సెల్ మింగితే ప్రాణానికే ముప్పు. నాలుగేళ్ల పాపకు గడ్డి కోసం రంగు కలిపిన రంపపు పొట్టు చల్లడం, అట్టముక్కకు రంగు వేయడం, పచ్చజెండా ఊపడం అప్పగించండి. ఎనిమిదేళ్లు దాటితే పట్టాలు కలపగలరు, బండి నడపగలరు. వైర్లకు టంకం (సోల్డరింగ్) వేయడం పన్నెండేళ్ల తరువాతే, అదీ పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే.

హెచ్ఓ, ఓఓ, ఎన్ అంటారు. ఇవి ఏమిటి? మాకు ఏది సరిపోతుంది?

అసలు బండిని ఎన్నో వంతుకు తగ్గించారో చెప్పే కొలతలు ఇవి. హెచ్ఓ అంటే 1:87, బ్రిటన్‌లో వాడే ఓఓ 1:76. ఈ రెండింటికీ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. ఎన్ సాధారణంగా 1:160, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు.

లెక్క వేసి చూడండి. ఇప్పటి ఎక్స్‌ప్రెస్ బండ్లకు ఉండే ఎల్‌హెచ్‌బీ రకం పెట్టె పొడవు సుమారు 24 మీటర్లు. హెచ్ఓలో అది 27 సెంటీమీటర్లు దాటుతుంది, ఎన్‌లో 15 సెంటీమీటర్లు. ఇంజను, నాలుగు పెట్టెలు కలిపితే హెచ్ఓలో మీటరుంపావుకు పైనే, ఎన్‌లో ముప్పావు మీటరు. అపార్ట్‌మెంటులో ఉండేవారికి ఎన్ మంచిదని నా అభిప్రాయం. పిల్లలు మరీ చిన్నవాళ్లయినా, తాతగారికి చూపు తగ్గినా హెచ్ఓ తీసుకోండి. ఎన్ చక్రాలను పట్టాల మీద కూర్చోబెట్టడానికి సన్నటి వేళ్లు, నిదానం కావాలి.

మన రైల్వే బండ్లే కావాలని బాబు పట్టుబడుతున్నాడు. దొరుకుతాయా?

అమెరికా, జపాన్, జర్మనీ బండ్లు దొరికినంత సులువుగా దొరకవు. చిన్న తయారీదారులు కొద్దికొద్దిగా చేసినవి, త్రీడీ ప్రింటు తీసిన పైతొడుగులు, విదేశీ బండికి మన రంగులు వేసుకున్నవి కనిపిస్తాయి. డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజనుకు మూలం అమెరికా ఆల్కో కంపెనీ డిజైనే కనుక, ఆల్కో నమూనాలకు రంగు మార్చి సంతృప్తి పడేవారూ ఉన్నారు.

ఒక సంగతి తెలిసి ఉండాలి. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. 1:87లో అది 19 మిల్లీమీటర్లకు పైగా రావాలి. బజారులో దొరికే 16.5 మిల్లీమీటర్ల పట్టా 1435 మిల్లీమీటర్ల విదేశీ లైనుకు తగినది. ఇంట్లో ఈ తేడాను పట్టించుకోనక్కర్లేదు. ఇంజను ఏ దేశానిదైనా సరే, ప్లాట్‌ఫారం చివర పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలతో మీ ఊరి పేరు రాసి నిలబెడితే అది మీ ఊరి బండే.

ఖర్చు ఎక్కడ ఎక్కువ అవుతుంది? ఎక్కడ తగ్గించుకోవచ్చు?

డబ్బు ఇంజనుకూ, బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పాయింట్లకూ పోతుంది. దిగుమతి ఇంజను ఒక్కటే బల్ల, వైర్లు, రంగులు అన్నీ కలిపిన దానికన్నా ఎక్కువ పడవచ్చు. దాని దగ్గర మాత్రం పొదుపు చేయకండి. నాసిరకం మోటారు నెమ్మదిగా నడవదు, ఒక్కసారిగా దూకుతుంది. కొండలు, ఇళ్లు, చెట్లు కొనాల్సిన పనే లేదు. చీరల పెట్టెల అట్ట, ఐస్‌క్రీం పుల్లలు, అగరుబత్తి పుల్లలు చాలు.

అమెరికాలో ఉన్న మా మరిది సెట్టు పంపించాడు. ఇక్కడి ప్లగ్గులో పెట్టవచ్చా?

ముందు అడాప్టర్ వెనుక రాసిన అక్షరాలు చదవండి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, జపాన్‌లో 100, మన దగ్గర 230. ఇన్‌పుట్ దగ్గర ‘100–240’ అని ఉంటే ప్లగ్గు ఆకారం మార్చుకుంటే సరిపోతుంది. ‘120’ అని మాత్రమే ఉంటే నేరుగా పెట్టకండి. కాలిపోతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. అలాంటప్పుడు వోల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి, లేదా సెట్టుతో వచ్చిన కంట్రోలర్ (బండి వేగం మార్చే పెట్టె) పక్కన పెట్టి ఇక్కడి వోల్టేజీకి సరిపడేది కొనుక్కోవాలి. బండ్లకూ పట్టాలకూ ఏ ఇబ్బందీ లేదు. మామూలు ఎన్, హెచ్ఓ బండ్లలో చాలావాటికి పట్టాల మీద 12 వోల్టుల డీసీయే (ఒకే దిశలో పారే కరెంటు) వస్తుంది.

ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ బ్యాటరీ రైలుతో మొదలుపెట్టవచ్చా?

కొండలు, ఊళ్లు కట్టడం నేర్చుకోవడానికి భేషుగ్గా పనికొస్తుంది. అయితే దాని పట్టాల్లో కరెంటు పారదు, బ్యాటరీ ఇంజనులోనే ఉంటుంది. వేగం మార్చడం, నెమ్మదిగా ఆపడం కుదరదు. ఆ పట్టాల మీద తరువాత అసలైన బండి నడపలేరు.

## బల్ల, చోటు

మాది అద్దె ఇల్లు, రెండు గదులు. బల్ల ఎక్కడ వేయాలి?

మంచం కిందకు తోసేసే బల్ల చేయించుకోండి. కింద చిన్న చక్రాలు బిగిస్తే చాలు. కాకపోతే కొండ ఎత్తు మంచం కింద ఖాళీని మించకూడదు, ముందే టేపు పెట్టి కొలవండి. గోడకు నిలబెట్టుకునే బల్ల మరో మార్గం, కానీ అప్పుడు ఇళ్లు, చెట్లు గట్టిగా అంటించి ఉండాలి. పాత ఫ్లష్ తలుపు దొరికితే వదలకండి. రెండున్నర అడుగుల వెడల్పు తలుపు మీద ఎన్ రైల్వే హాయిగా పడుతుంది, అది వంగిపోదు కూడా.

బల్ల ఎంత పెద్దది ఉండాలి?

ఎన్ అయితే నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. హెచ్ఓ అయితే వెడల్పే నాలుగడుగులు కావాలి, ఎందుకంటే సెట్లలో వచ్చే మలుపు వ్యాసార్ధం దాదాపు 45 సెంటీమీటర్లు. అంత వెడల్పు బల్లను గోడకు ఆనించవద్దు. పెద్దవాళ్ల చేయి ముప్పావు మీటరుకు మించి అందదు, పిల్లలకు అందులో సగం కాస్త దాటుతుంది. అందని మూలలోనే బండి పట్టాలు తప్పుతుంది.

ప్లైవుడ్ మంచిదా, థర్మోకోల్ సరిపోతుందా?

కింద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని కింద చెక్క చట్రం. వడ్రంగి చేత చట్రం ఒక్కటి చేయించుకుంటే మిగతాది ఇంట్లోవాళ్లే చేసుకోగలరు. ప్లైవుడ్ ఎనిమిది అడుగులు పొడవు, నాలుగడుగులు వెడల్పు ఉన్న షీటుగా వస్తుంది. దుకాణంలోనే కోయించుకుని తెచ్చుకోండి. కోస్తా ఊళ్లలో తేమకు తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం అడగండి. నేల మీద నేరుగా ఆనించి, గోడకు తగిలేలా ఉంచితే చెదలు పడతాయి. థర్మోకోల్ పైన వేసుకోవచ్చు, అది ఒక్కటే బరువు మోయదు.

## పట్టాలు, పాయింట్లు

మొదటిసారి ఏ ఆకారంలో వేయాలి?

కోడిగుడ్డు ఆకారంలో ఒక చుట్టు, అందులో ఒక లూప్ లైను, ఒక సైడింగు. అంటే మూడే పాయింట్లు. లూప్ లైనులో ఒక బండి ఆగి ఉంటే మరొకటి దాటి వెళ్లవచ్చు. సైడింగులో గూడ్సు పెట్టె వదిలిపెట్టి రావచ్చు. ఇంత చిన్న లైనులోనే స్టేషన్‌మాస్టర్‌కు పని దొరుకుతుంది. పట్టాలను మొదటి నెల మేకులతోనో డబుల్ టేపుతోనో తాత్కాలికంగా ఉంచండి. బండి తిరుగుతుంటే ఎక్కడ మార్చాలో పిల్లలే చెబుతారు.

కింద ఒక బండి, పైన వంతెన మీద ఇంకొక బండి వెళ్లాలని ఉంది. కుదురుతుందా?

చిన్న బల్ల మీద కష్టం. ఎన్‌లో పై లైను కనీసం అయిదు సెంటీమీటర్లు ఎత్తు ఎక్కాలి. ఇంజను ఇబ్బంది పడకుండా ఎక్కాలంటే మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు మేలు, అంటే రెండున్నర మీటర్ల పట్టా ఎక్కడానికే పోతుంది. దిగడానికి మళ్లీ అంతే. వాలు రెట్టింపు చేస్తే దూరం సగమవుతుంది కానీ నాలుగు పెట్టెలతో ఇంజను జారుతుంది. పట్టాలు చదునుగానే ఉంచి, వాటి మీదుగా కొండను దించి సొరంగం చేయండి. అరకు వైపు కొత్తవలస–కిరండూల్ లైనులో ప్రయాణించిన పిల్లలకు సొరంగం ఉంటే చాలు, ఇంకేమీ అడగరు.

బండి మలుపులో పదే పదే పడిపోతోంది. ఎందుకు?

వరసగా చూడండి. పట్టాల అతుకు మీద వేలు నెమ్మదిగా జరపండి, గోరుకు మెట్టులా తగిలితే తప్పు అక్కడే. తరువాత పెట్టె తలకిందులు చేసి చక్రాల మధ్య వెంట్రుకో దారమో చుట్టుకుందేమో చూడండి. పెట్టె మరీ తేలికగా ఉంటే లోపల చిన్న ఇనుప వాషర్ అంటించండి. ఇవేవీ కాకపోతే పెట్టె పొడవుకు మలుపు చాలడం లేదన్నమాట. మలుపు వ్యాసార్ధం పెట్టె పొడవుకు కనీసం రెండున్నర రెట్లు ఉంటే బండి నడుస్తుంది, మూడు రెట్లు ఉంటే చూడటానికీ బాగుంటుంది. హెచ్ఓలో పూర్తి పొడవు ఎల్‌హెచ్‌బీ పెట్టెలు చిన్న బల్ల మీద అందుకే నడవవు. పొట్టి గూడ్సు పెట్టెలు చక్కగా తిరుగుతాయి.

స్టేషన్ దగ్గర బాగానే నడుస్తుంది, అవతలి వైపు నీరసపడుతుంది. ఇంజను పాడైందా?

ఇంజను కాదు, కరెంటు. అది ఒక్కచోటి నుంచే పట్టాల్లోకి వెళ్తోంది, ప్రతి అతుకు దగ్గరా కొంత తగ్గుతోంది. బల్ల కింద రెండు లావుపాటి వైర్లు చుట్టూ తిప్పి, మీటరుకో మీటరున్నరకో ఒకచోట పైపట్టాలకు సన్న వైర్లు కలపండి. ఎర్రది లోపలి పట్టాకు, నల్లది బయటి పట్టాకు అని ముందే నిర్ణయించుకుని చివరి వరకూ మార్చకండి.

పట్టాలను గుండ్రంగా తిప్పి అదే లైనులో కలిపితే అంతా ఆగిపోయింది. ఎందుకు?

అలా వెనక్కి తిరిగి కలిసే లైనులో ఎడమ పట్టా వచ్చి కుడి పట్టాకు తగులుతుంది. షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఆ ముక్కకు రెండు చివరలా కరెంటు పారని ప్లాస్టిక్ జాయినర్లు (అతుకు ముక్కలు) పెట్టి విడదీసి, వేరే స్విచ్చుతో కరెంటు ఇవ్వాలి. మొదటి బల్లలో ఈ ఆకారం వద్దు.

## కరెంటు, కంట్రోలర్

డీసీ చాలా, డీసీసీ కొనాలా?

మామూలు డీసీలో మీరు నడిపేది పట్టాను. దాని మీద ఎన్ని ఇంజన్లు ఉంటే అన్నీ కదులుతాయి. డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో ప్రతి ఇంజనులో కంట్రోలర్ ఆదేశాలు అందుకునే ఒక డీకోడర్ ఉంటుంది, దానికో నంబరు ఉంటుంది. ఒకే లైను మీద అన్న ఒక ఇంజను, చెల్లెలు ఇంకొక ఇంజను నడపవచ్చు. ఇంట్లో ఒకటే ఇంజను ఉంటే డీసీ చాలు. ఇద్దరు పిల్లలు, రెండు ఇంజన్లు ఉంటే డీసీసీకి పెట్టిన డబ్బు వృథా కాదు. ఇంజను కొనేటప్పుడే డీకోడర్ పెట్టుకునే సాకెట్ ఉన్నది చూసి కొంటే తరువాత మారడం తేలిక.

పట్టాలు ముట్టుకుంటే షాక్ కొడుతుందా?

12 వోల్టులు పొడిచేతికి తెలియదు. భయపడాల్సింది గోడ ప్లగ్గుకూ అడాప్టర్‌కూ మధ్య ఉన్న 230 వోల్టుల గురించే. ఆ భాగాన్ని విప్పకండి, నీటి రంగులతో పని చేసేటప్పుడు ప్లగ్గు తీసేయండి, ఆట అయ్యాక స్విచ్ కట్టేయండి.

బండి రాగానే గేటు దానంతట అదే పడాలి. పదో తరగతి చదివే అమ్మాయి చేయగలదా?

చేయగలదు, ఇష్టంగా చేస్తుంది. పట్టాల పక్కన బండి వచ్చిందని పసిగట్టే ఒక ఐఆర్ సెన్సర్, గేటు కింద చెప్పినంత మేరకే తిరిగే చిన్న సర్వో మోటారు, రెండింటినీ కలిపే ఆర్డునో అనే చిన్న కంప్యూటర్ బోర్డు. సెన్సర్ ముందు నుంచి బండి వెళ్లగానే సర్వో తొంభై డిగ్రీలు తిరుగుతుంది. గేటు కర్రగా అగరుబత్తి పుల్లకు ఎరుపు, తెలుపు చారలు వేయండి.

## ఊరు కట్టడం

కొండలు ఎలా చేయాలి?

అట్టముక్కలను పేర్చి ఆకారం తెచ్చి, పైన పాత వార్తాపత్రికలను ఫెవికాల్ నీళ్లలో ముంచి పొరలు పొరలుగా అంటించండి. ఆరాక రంగు వేయండి. మైదా గంజి వాడితే బొద్దింకలు, పురుగులు వస్తాయి. థర్మోకోల్‌తో చేస్తే రబ్బరు జిగురు, స్ప్రే రంగు తగలనివ్వకండి, థర్మోకోల్ కరిగి గుంటలు పడుతుంది. సొరంగం వెనుక నుంచి చెయ్యి దూరేంత సందు వదలండి.

పట్టాల కింద కంకరకు మామూలు ఇసుక వాడవచ్చా?

వాడవచ్చు, మూడు పనులు చేశాక. కడగాలి, ఎండబెట్టాలి, అయస్కాంతం తిప్పాలి. మూడోది చాలామందికి తెలియదు. ఇసుకలో నల్లటి ఇనుప ఖనిజపు రేణువులు ఉంటాయి. భీమిలి తీరం ఇసుకలో అయితే నల్ల చారలుగా కంటికే కనిపిస్తాయి. మోటారులో అయస్కాంతం ఉంటుంది కనుక ఆ రేణువులు లోపలికి చేరి గేర్లను తినేస్తాయి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇసుకలో తిప్పితే నల్లపొడి మీసాల్లా నిక్కబొడుచుకుని పైకి వస్తుంది. ఆ పని పిల్లలకు ఇచ్చి చూడండి, గంటసేపు వదలరు. సముద్రపు ఇసుకైతే ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో చాలాసార్లు కడగాలి, లేకపోతే పట్టాలు పాడవుతాయి.

టీ జల్లెడలో జల్లించి సన్నటిదే తీసుకోండి. పట్టాల మధ్య బ్రష్‌తో సర్ది, ఫెవికాల్, నీళ్లు సమానంగా కలిపి, అందులో ఒక్క చుక్క గిన్నెలు తోమే ద్రవం వేసి, సూది తీసేసిన సిరంజితో చుక్కచుక్కగా వదలండి. పాయింట్ల కదిలే భాగాల దగ్గర మాత్రం వద్దు.

చెట్లు, గడ్డి?

ఎండిన తులసి కొమ్మలు చక్కటి చెట్లవుతాయి. చివర్లకు జిగురు రాసి ఆకుపచ్చ రంగు వేసిన స్పాంజి పొడి అద్దాలి. రంపపు పొట్టుకు రంగు కలిపి ఆరబెడితే గడ్డి. తాటిచెట్టు కావాలంటే వైరుకు చుట్టిన కాగితం కాండం, పైన కత్తిరించిన ఆకుపచ్చ కాగితం.

మా ఊరి పాత స్టేషన్ కట్టాలని నాన్నగారి కోరిక. ఎలా మొదలుపెట్టాలి?

ఆయనను కూర్చోబెట్టి కాగితం మీద గీయించండి. కొలతలు అడగకండి. టికెట్ కిటికీ ఎటువైపు ఉండేది, కుళాయి ఎక్కడ, ఏ చెట్టు కింద బండి కోసం ఎదురుచూసేవారు, ఇవి అడగండి. చాలా స్టేషన్లలో గంటకు బదులు పట్టా ముక్కను వేలాడదీసి ఇనుప కడ్డీతో కొట్టేవారు. దాన్ని చిన్న వైరు ముక్కతో చేసి వరండాలో వేలాడదీయండి. తలుపుతో మొదలుపెడితే కొలతలు వాటంతట అవే కుదురుతాయి. అయిదున్నర అడుగుల మనిషి హెచ్ఓలో 19 మిల్లీమీటర్లు, ఎన్‌లో పదిన్నర. తలుపు ఆ మనిషి కంటే కాస్త ఎత్తు, ప్లాట్‌ఫారం అతని నడుము దాటకూడదు.

రాజమండ్రి గోదావరి వంతెన పెట్టాలని ఉంది. ఎంత చోటు కావాలి?

మొత్తం వంతెన ఏ ఇంట్లోనూ పట్టదు. 1900 నుంచి 1997 దాకా బండ్లు మోసిన హేవ్‌లాక్ వంతెనకు 56 స్పానులు (రెండు స్తంభాల మధ్య భాగాలు), ఒక్కొక్కటి సుమారు 45.7 మీటర్లు. ఎన్‌లో అన్నీ పెడితే 16 మీటర్లు. కొత్త ఆర్చి వంతెనలో ఒక్కో స్పాను 97.55 మీటర్లు, ఎన్‌లో 61 సెంటీమీటర్లు. కాబట్టి బల్ల ముందువైపు ఒక్క ఆర్చి కట్టండి, లేదా హేవ్‌లాక్ స్పానులు రెండు. ఆర్చికి అట్టను పొరలుగా అంటించి వంచాలి, వేలాడే కడ్డీలకు సన్న తీగ. కింద నీటికి నీలం రంగు వేయకండి. వరద గోదావరి మట్టిరంగులో ఉంటుంది, పైన రెండు పూతలు వార్నిష్ వేస్తే తడిగా మెరుస్తుంది.

కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు ఊళ్లో పెట్టవచ్చా?

రైలు పక్కనే పెడితే మనుషులు ఇంజను కంటే ఎత్తవుతారు. బల్ల అంచున, చూసేవారికి దగ్గరగా, పట్టాలకు దూరంగా ఒక వరస పెట్టండి. కొలువు కోసమైతే కొలతల గొడవే వద్దు, కింది మెట్టు చుట్టూ బండి తిరగనివ్వండి. చీరకొంగులు, దీపాలు, పసుపు కుంకుమ పట్టాలకు దూరంగా ఉంటే చాలు.

## నడపడం, కాపాడుకోవడం

పిల్లలిద్దరూ కంట్రోలర్ కోసం కొట్లాడుకుంటున్నారు. ఏం చేయాలి?

రైల్వేలో వాడిన పద్ధతే పెట్టండి. ఒకే లైను ఉన్నచోట రెండు బండ్లు ఎదురెదురుగా రాకుండా టోకెను ఇచ్చేవారు. గుండ్రటి ఇనుప టోకెనును సంచిలో వేసి, దానికున్న పెద్ద బెత్తపు రింగు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడేవారు. డ్రైవర్ అందుకుంటేనే ముందున్న సెక్షనులోకి బండి వెళ్లాలి. మీ ఇంట్లో ఒక చేతి గాజుకు చిన్న సంచి కట్టండి. గాజు ఎవరి చేతిలో ఉంటే కంట్రోలర్ వాళ్లది. బండి స్టేషన్‌కు వచ్చి సరిగ్గా ప్లాట్‌ఫారం దగ్గర ఆగాకే గాజు చేతులు మారాలి. గాజు ఇచ్చేది స్టేషన్‌మాస్టర్, ఆ ఉద్యోగం అమ్మమ్మకు ఇవ్వండి. ఆవిడ మాట ఎవరూ కాదనరు. మూడో పిల్ల ఉంటే పాయింట్లు తనవి. ఒక చిన్న టైంటేబుల్ రాసి గోడకు అంటిస్తే ఆట ఇంకా కుదురుతుంది.

బండి ఎంత వేగంతో నడపాలి?

గంటకు 60 కిలోమీటర్ల పాసింజరు ఎన్‌లో సెకనుకు సుమారు 10 సెంటీమీటర్లు, హెచ్ఓలో 19. అంటే ఎన్‌లో మీటరు దాటడానికి పది సెకన్లు. పిల్లలకు మొదట నిదానం అనిపిస్తుంది. కళ్లు పట్టా ఎత్తుకు దించి చూడమనండి, అప్పుడు వాళ్లే వేగం తగ్గిస్తారు.

రెండు వారాలు నడపకపోతే బండి కుదుపులతో నడుస్తోంది. శుభ్రం ఎలా?

ఫ్యాను గాలికి దుమ్ము, వంటింటి నూనె పొగ పట్టాల మీద పొరకడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూలుగుడ్డతో పట్టాలు తుడవండి, ఇంజను చక్రాలు కూడా. మంట దగ్గర చేయకండి. గరుకు కాగితంతో రుద్దకండి, గీతల్లో మురికి ఇంకా పట్టేస్తుంది. కొబ్బరినూనె గేర్లలో వేయకండి, చలికాలంలో గడ్డకడుతుంది. ఆట అయ్యాక పాత దుప్పటి కప్పడం అన్నిటికన్నా మంచి అలవాటు. పట్టాలు కొనేటప్పుడు ఇత్తడివి కాక నికెల్ సిల్వర్‌వి తీసుకుంటే ఈ బాధ సగం తగ్గుతుంది.

ఇల్లు మారితే అంతా పోతుందా?

బల్లను రెండు ముక్కలుగా చేసి బోల్టులతో కలిపి ఉంటే పోదు. అతుకు దగ్గర పట్టాలు నేరుగా, అడ్డంగా దాటేలా వేయండి. అక్కడ మలుపు గానీ పాయింటు గానీ ఉండకూడదు. వైర్లకు ప్లగ్గులు పెట్టి, ఏది దేనికి వెళ్తుందో కాగితం చీటీ అంటించండి. బండ్లను అవి వచ్చిన అట్టపెట్టెల్లోనే సర్దండి. ఆ పెట్టెలు కొన్ననాడే పారేయకుండా అటక మీద దాచండి.

కట్టే ముందు పిల్లలకు పెద్ద నమూనా రైల్వే ఏదైనా చూపించాలి. ఎక్కడ?

పుణె కొత్రూడ్‌లో జోషీస్ మ్యూజియం ఆఫ్ మినియేచర్ రైల్వే ఉంది, బండ్లు, సిగ్నళ్లు, ఊరు అన్నీ కదులుతాయి. జర్మనీ వెళ్లేవారు హాంబర్గ్‌లో 2001 నుంచి నడుస్తున్న మినియాటుర్ వుండర్‌లాండ్ చూడవచ్చు, అది హెచ్ఓలోనే ఉంటుంది. హైదరాబాద్ వాసులు 1916 నాటి కాచిగూడ స్టేషన్ భవనం ముందు పిల్లలను నిలబెట్టి గుమ్మటాలు, తోరణాలు గీయించండి. అసలు బండిని చూసేటప్పుడు పెట్టె కింద ఏమేం వేలాడుతున్నాయో, పట్టాల పక్కన ఏ రంగు మట్టి ఉందో ఫోనులో ఫోటో తీసుకోమనండి. బల్ల మీద రంగు కలిపేటప్పుడు అవే పనికొస్తాయి.